ప్యాచ్ తెల్లగా వచ్చేదాకా తోమాల్సిందేనా?

ప్రశ్న: నా దగ్గర .308 బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఉంది. లైసెన్సు తీసుకుని క్లబ్బు పోటీల కోసం కాలుస్తున్నాను. రేంజి నుంచి వచ్చిన ప్రతిసారీ, బుల్లెట్ల తొడుగు నుంచి బ్యారెల్ లోపల అంటిన రాగిని వదిలించే ద్రవం (సాల్వెంట్) వేసి, మూడు ముక్కల అల్యూమినియం రాడ్‌కు కంచు బ్రష్ బిగించి, బ్యారెల్ మూతి వైపు నుంచి గట్టిగా తోముతాను. ఎంత తోమినా, లోపల తుడిచే గుడ్డముక్క, అదే ప్యాచ్, నీలంగానే వస్తోంది. తెల్లగా వచ్చేదాకా వదలను కాబట్టి ఒక్కోసారి సాయంత్రమంతా దీనికే పోతుంది. చివర్లో తుప్పు పట్టకుండా నూనె బాగా పట్టిస్తాను. ఇంత చేసినా తర్వాత రేంజికి వెళ్లినప్పుడు మొదటి రెండు మూడు బుల్లెట్లు గ్రూపుకు, అంటే మిగతావన్నీ దగ్గర దగ్గరగా పడే చోటుకు, దూరంగా పడుతున్నాయి. క్లబ్బులో ఒక పెద్దాయన ‘బ్యారెల్‌ని అసలు ముట్టుకోకు, తోమేవాళ్లే పాడుచేసుకుంటారు’ అంటారు. ఇంకొకాయన స్టీలు బ్రష్ కొనమంటున్నారు. మా తమ్ముడి .22 కూడా నేనే శుభ్రం చేస్తున్నాను. వచ్చే నెల పోటీ ఉంది, టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: స్టీలు బ్రష్ ఆలోచన మాత్రం ఈ క్షణమే మానేయండి. మిగతా సంగతులు తీరిగ్గా మాట్లాడుకుందాం.

మీ నీలం రంగు గొడవకు కారణం మీ ఉత్తరంలోనే ఉంది. రాగిని వదిలించే సాల్వెంట్లలో చాలావాటికి అసలు బలం అమ్మోనియా. అది రాగిని తాకితే నీలం రంగు పుడుతుంది. మీ బ్రష్ కంచుది. కంచులో ఎక్కువ భాగం రాగే, దానికి కొంత తగరం కలుస్తుంది. రాడ్ చివర ప్యాచ్ గుచ్చే జాగ్ కూడా బహుశా ఇత్తడిదే అయి ఉంటుంది, అంటే అందులోనూ రాగే. కాబట్టి మీరు తోముతున్నంతసేపూ సాల్వెంట్ బ్యారెల్‌లోని రాగితో పాటు మీ బ్రష్‌నీ జాగ్‌నీ కూడా కొంచెం కొంచెం తింటోంది. బ్యారెల్ ఎప్పుడో శుభ్రమైపోయి ఉండొచ్చు, ఆ రంగు మీ పనిముట్ల నుంచి వస్తూ ఉండొచ్చు.

ఇది నిజమో కాదో తేల్చుకోవడం సులువు. రైఫిల్ పక్కన పెట్టండి. శుభ్రంగా తుడిచిన జాగ్ మీద, బ్రష్ మీద అదే సాల్వెంట్ నాలుగు చుక్కలు వేసి, కాసేపు ఆగి, కొత్త ప్యాచ్‌తో తుడవండి. ప్యాచ్ నీలమైతే దొంగ దొరికినట్టే. ఇక మీదట అమ్మోనియా సాల్వెంట్ వాడే రోజున నైలాన్ బ్రష్, నికెల్ పూత ఉన్న జాగ్ గాని ప్లాస్టిక్ జాగ్ గాని వాడండి. కంచు బ్రష్‌ని పారేయక్కర్లేదు. మసి వదిలించే మామూలు సాల్వెంట్‌తో దాన్ని నిక్షేపంగా వాడుకోవచ్చు.

ప్యాచ్ తెల్లగా రావాలన్న పట్టుదల దగ్గరే నాకు పేచీ. బ్యారెల్ లోపల ఏముందో ఒకసారి లెక్క చూడండి. .308 బోర్‌లో, అంటే బ్యారెల్ లోపలి రంధ్రంలో, ఎత్తుగా ఉండే గట్ల మధ్య దూరం 7.62 మిల్లీమీటర్లు, గాడుల అడుగుల మధ్య దూరం సుమారు 7.82. అంటే బుల్లెట్‌ని పట్టి తిప్పే గాడి లోతు ఒక మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే. మనం కాపాడుకోవాల్సింది ఆ పదో వంతు అంచుల్ని, వాటి నునుపుని. వాటి మీద రాగి పలచగా ఒక పొరలా ఉంటే బుల్లెట్‌కి ఇబ్బందేమీ లేదు. నిజానికి చాలా బ్యారెళ్లు ఆ పొర కాస్త ఏర్పడ్డాకే కుదురుగా కాలుస్తాయి. బోర్‌లోని చిన్న చిన్న గరుకుల్ని ఆ రాగి నింపి సమం చేస్తుంది. మీరు ప్రతిసారీ దాన్ని ఉక్కు కనబడేదాకా ఊడ్చేస్తున్నారు, రేంజిలో మొదటి తూటాలు మళ్లీ దాన్ని పరుచుకుంటున్నాయి. ఆ రెండు మూడు బుల్లెట్లు దూరంగా పడటానికి ఇది ఒక కారణం. రెండోది మీరు పట్టిస్తున్న నూనె. దాని సంగతి తర్వాత చెబుతాను.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది నీలం రంగు కాదు, ‘మూతి వైపు నుంచి’ అన్న మాట. బ్యారెల్ మూతి దగ్గర గాడులు ముగిసే అంచుని క్రౌన్ అంటారు. బుల్లెట్ బ్యారెల్‌ని చివరిసారిగా తాకేది అక్కడే. బుల్లెట్ అడుగు ఆ అంచుని దాటిన క్షణంలో వెనకున్న గ్యాసు అన్ని వైపులా ఒకేసారి, ఒకే బలంతో బయటపడాలి. అంచులో ఒక పక్క అరిగి ఉంటే గ్యాసు అక్కడ ముందుగా తప్పించుకుని బుల్లెట్ అడుగుని పక్కకు తోస్తుంది. గ్రూపులు విచ్చుకోవడానికి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. మూతి నుంచి రాడ్ దించే ప్రతిసారీ ఆ రాడ్ ఆ అంచుకే రాసుకుంటుంది, అదీ చేయి అలవాటు కొద్దీ ఎప్పుడూ ఒకే పక్క. దానికి తోడు మీరు తోసుకొచ్చిన మసి, ప్రైమర్ (తూటా అడుగున మందుని అంటించే భాగం) బూడిద అంతా చాంబర్‌లోకి, అంటే తూటా కూర్చునే గదిలోకి, అక్కణ్నుంచి ట్రిగ్గర్‌లోకి జారుతుంది.

మీది బోల్ట్ యాక్షన్ కాబట్టి వెనక నుంచి శుభ్రం చేయకపోవడానికి కారణమే లేదు. బోల్ట్, అంటే చేత్తో లాగి తూటా ఎక్కించే కడ్డీ, బయటకు తీయండి, దాని స్థానంలో బోర్ గైడ్ పెట్టండి. బోర్ గైడ్ అంటే రాడ్‌ని చాంబర్ గుండా తిన్నగా నడిపించే ఒక గొట్టం. చాంబర్ ముందు గాడులు మొదలయ్యే చోటు, అంటే థ్రోట్, క్రౌన్ తర్వాత అంత సున్నితమైన భాగం. గైడ్ లేకుండా వెనక నుంచి తోసినా రాడ్ వంగి అక్కడ రాసుకుంటుంది. ఈ పనిముట్లలో ఒక్కదాని మీదే డబ్బు పెట్టగలనంటే నేను రాడ్ కంటే ముందు గైడ్ కొనమంటాను. మీ రైఫిల్ మోడల్‌కు సరిపోయేదే తీసుకోండి. అన్నిటికీ సరిపోతుందని అమ్మేవి చాంబర్‌లో వదులుగా ఊగుతూ, సాల్వెంట్‌ని వెనక్కి కారనిస్తాయి.

లీవర్ యాక్షన్లలో చాలావాటి, ఎం1 గారండ్ లాంటి సెమీ ఆటోమేటిక్‌ల నిర్మాణమే వేరు, వాటిలో రాడ్‌ని వెనక నుంచి తిన్నగా పెట్టే దారి ఉండదు. వాటివాళ్లు మూతికి తొడిగే గార్డు పెట్టుకుని ముందు నుంచి చేస్తారు. మీకు ఆ అవస్థ లేదు.

ఇప్పుడు రాడ్ సంగతి. మూడు ముక్కల అల్యూమినియం రాడ్ ప్రయాణాల్లో సంచిలో పడి ఉండటానికి బాగుంటుంది, బ్యారెల్‌కి మాత్రం మంచిది కాదు. అల్యూమినియం మెత్తన, ఉక్కుని అది గీయలేదని కొందరంటారు. అది ఉక్కుని గీయదు, నిజమే. కానీ మెత్తగా ఉండటమే దాని దోషం. ఇసుక రేణువులు, గట్టిపడిన మసి పలుకులు దాని ఒంట్లోకి దిగబడి కూర్చుంటాయి. తర్వాత గీసేవి అవే. ముక్కలు కలిసే చోట మరల దగ్గర చిన్న మెట్లు ఏర్పడతాయి, అవి లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి అంచుల్ని తడుముతాయి. ఒత్తిడి పెట్టి తోస్తే మూడు ముక్కల రాడ్ విల్లులా వంగి బోర్ గోడల్ని రాస్తుంది. ఒకే ముక్కగా ఉండి, పైన పూత ఉన్న స్టీలు రాడ్ గాని కార్బన్ ఫైబర్ రాడ్ గాని కొనండి. పూత లేని గట్టి స్టీలు రాడ్‌నే ఇష్టపడే పాత చేతులూ ఉన్నాయి. రేణువులు దాని ఒంటికి అతుక్కోవన్నది వాళ్ల వాదన, అది తీసిపారేసేది కాదు. ఏది కొన్నా మీ క్యాలిబర్‌లో దూరే వాటిలో లావైనదే తీసుకోండి, అంత తక్కువ వంగుతుంది. పిడిలో బేరింగు ఉండాలి. రైఫ్లింగ్, అంటే బోర్‌లోని ఆ గాడుల మెలికతో పాటు రాడ్ కూడా తిరగాలి. .308లో ఆ మెలిక సాధారణంగా పది, పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు ఉంటుంది. రాడ్ తిరగకపోతే బ్రష్ వెంట్రుకలు గాడులు వదిలేసి గట్ల మీదుగా అడ్డంగా జారిపోతాయి. చేసిన పనికి ఫలితం ఉండదు. ఇక ప్రతి విడత తర్వాత రాడ్‌ని గుడ్డతో తుడవాలి. ఇది ఎవరూ చేయరు. ఖరీదైన రాడ్ కొని తుడవకుండా వాడేవాళ్ల కంటే చవక రాడ్‌ని తుడిచి వాడేవాళ్ల బ్యారెల్ ఎక్కువ క్షేమంగా ఉంటుందని నా నమ్మకం.

స్టీలు బ్రష్ ఎందుకు వద్దన్నానో చెప్పాలి కదా. కంచు ఉక్కు కంటే మెత్తన, నైలాన్ ఇంకా మెత్తన. అరిగితే ఆ బ్రష్షే అరుగుతుంది, పోతే కొత్తది కొనుక్కుంటాం. స్టీలు వెంట్రుకలకు బ్యారెల్ ఉక్కుతో సమానమైన గట్టిదనం ఉంటుంది, కొన్నిసార్లు ఇంకా ఎక్కువే. అవి మసిని ఎంత బాగా గీకుతాయో గాడి అంచునీ అంత బాగా గీకుతాయి. ‘స్టెయిన్‌లెస్ బ్యారెల్‌కి స్టెయిన్‌లెస్ బ్రష్’ అని జత కలిపి అమ్మేవాళ్లుంటారు, ఆ వరస కలపడంలో అర్థం లేదు. మాటలో మాట, స్టెయిన్‌లెస్ బ్యారెల్‌కీ తుప్పు పడుతుంది, కాకపోతే నెమ్మదిగా.

పెద్దాయన మాటలో సగం నిజం ఉంది. తోమి పాడుచేసుకున్న బ్యారెళ్లు లోకంలో చాలా ఉన్నాయి. కానీ బ్యారెల్‌ని కాల్పులు కూడా తింటాయి. తూటా పేలినప్పుడు పుట్టే గ్యాసు వేడి 2000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, ఉక్కు కరిగేది సుమారు 1500 దగ్గర. .308కు అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. అంత వేడీ ఒత్తిడీ క్షణంలో వెయ్యో వంతు సేపు థ్రోట్‌ని తాకి వెళ్లిపోతాయి కాబట్టి ఉక్కు తట్టుకుంటుంది గాని, కొన్ని వేల తూటాల తర్వాత లోపలికి కెమెరా పెట్టి చూస్తే థ్రోట్ దగ్గర ఎండిన చెరువు అడుగులాగా బీటలు కనిపిస్తాయి. దీన్ని ఏ సాల్వెంటూ ఆపలేదు. వరసగా కాల్చి బ్యారెల్‌ని కాలిపోయేంత వేడెక్కించకుండా ఉండటం ఒక్కటే మన చేతిలో ఉంది.

అయితే అసలు ముట్టుకోకపోతే ఏమవుతుందన్న దానికీ చరిత్రలో జవాబుంది. 1960ల్లో అమెరికా సైన్యం ఎం16 రైఫిల్‌ని వియత్నాం తీసుకెళ్లినప్పుడు దానికి శుభ్రం చేసే పని పెద్దగా ఉండదన్న మాట ప్రచారంలోకి వచ్చింది. క్లీనింగ్ కిట్లు సైనికులందరికీ చేరలేదు, దానికి తోడు తూటాలోని మందు రకం కూడా మార్చారు. తడి నేలలో చాంబర్లు తుప్పుపట్టి, కాల్చిన డొల్లలు లోపలే ఇరుక్కుపోయి, యుద్ధం మధ్యలో రైఫిళ్లు మొరాయించాయి. 1967లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ దీని మీద విచారణ జరిపింది. ఆ తర్వాత చాంబర్‌కు క్రోమ్ పూత వచ్చింది, కిట్లూ శిక్షణా వచ్చాయి. మీ పోటీ రైఫిల్‌కి అంత కష్టం రాదు. ఈ కథలో గమనించాల్సింది, అక్కడ కొంప ముంచినది బోర్ కంటే ఎక్కువగా చాంబర్. మనం కూడా బోర్‌నే గంటలకొద్దీ తోమి చాంబర్‌ని మరిచిపోతుంటాం. రాడ్ పని అయ్యాక చాంబర్ బ్రష్‌తో గాని, కర్రకు చుట్టిన గుడ్డతో గాని చాంబర్‌ని తుడిచి పూర్తిగా ఆరబెట్టండి. అక్కడ నూనె ఉండిపోతే తూటా డొల్ల గోడల్ని పట్టుకోలేదు, తోపు మొత్తం బోల్ట్ మీద పడుతుంది.

ఇక పద్ధతి. మొదట రైఫిల్ ఖాళీగా ఉందని కళ్లతో చూసి, వేలితో తడిమి తేల్చుకోండి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. గాలి ఆడే చోట కూర్చోండి, చేతికి గ్లౌజులు, కంటికి అద్దాలు పెట్టుకోండి. రైఫిల్‌ని ఊతం మీద మూతి కాస్త కిందికి వాలేలా పెడితే సాల్వెంట్ ట్రిగ్గర్‌లోకి, కర్ర బట్‌లోకి పారదు. బోల్ట్ తీసి, గైడ్ పెట్టి, మసి వదిలించే సాల్వెంట్‌లో తడిపిన ప్యాచ్‌ని వెనక నుంచి మూతి దాకా ఒకే ఊపున, నెమ్మదిగా తొయ్యండి. మూతి బయటకు రాగానే ప్యాచ్ రాలిపోవాలి. ఆ మురికి ప్యాచ్‌ని మళ్లీ వెనక్కి లాగకండి. ఇలా రెండు మూడు ప్యాచ్‌లయ్యాక ఓ పది పదిహేను నిమిషాలు లేచి వేరే పని చూసుకోండి. సాల్వెంట్ చేయాల్సిన పనిని చేతి బలంతో చేయబోవడమే బ్యారెల్ పాడవడానికి మూలం. 1903 నుంచి అమ్ముతున్న హోప్స్ నంబర్ 9 నుంచి నిన్న మొన్నటి నురగ రకాల దాకా అన్నీ సమయం తీసుకునే మందులే.

తర్వాత బ్రష్. దాన్ని సాల్వెంట్ సీసాలో ముంచకండి, సీసా అంతా మురికవుతుంది. బ్రష్ మీదే చుక్కలు వేసుకోండి. బ్రష్ పూర్తిగా మూతి బయటికి వచ్చాకే వెనక్కి తీయాలి. బోర్ మధ్యలో దిశ మార్చబోతే వెంట్రుకలు విరుచుకుపడి బ్రష్ ఇరుక్కుంటుంది. వెనక్కి లాగేటప్పుడు క్రౌన్ మీదికి రాడ్ వాలకుండా నెమ్మదిగా తీయండి. మరీ జాగ్రత్తపరులు మూతి దగ్గర బ్రష్ విప్పేసి ఖాళీ రాడ్ వెనక్కి తీస్తారు. ఓపిక ఉంటే చేయండి, లేకపోయినా కొంపలంటుకోవు. ఎనిమిది, పది సార్లు పోనిచ్చి రాడ్ తుడిచి, మళ్లీ తడి ప్యాచ్‌లు, తర్వాత పొడి ప్యాచ్‌లు. బూడిద రంగుకి తిరిగితే మసి పని అయిపోయినట్టు లెక్క. మామూలు రేంజి రోజు తర్వాత ఇక్కడితో ఆపేయండి.

రాగి సాల్వెంట్‌ని ప్రతిసారీ తీయొద్దు. దాన్ని ఎప్పుడు వాడాలో చెప్పాల్సింది ప్యాచ్ కాదు, టార్గెట్. ఒక చిన్న పుస్తకం పెట్టుకుని, రాగి వదిలించినప్పటి నుంచి ఎన్ని తూటాలు కాల్చారో, గ్రూపు ఎంత వచ్చిందో రాసుకోండి. ఒక లెక్క దాటాక గ్రూపులు విచ్చుకోవడం మొదలవుతుంది. మీ బ్యారెల్‌కి సరైన వ్యవధి అదే. ఒక బ్యారెల్ యాభై తూటాలకే అడుగుతుంది, ఇంకోటి మూడు వందలైనా అడగదు. నునుపుగా తీర్చిన బ్యారెల్‌లో రాగి తక్కువగా అంటుతుంది, గరుకుదాంట్లో ఎక్కువగా. పక్కవాడి లెక్క మీకు పనికిరాదు. వాడినప్పుడు సీసా మీద ఎంతసేపు అని రాశారో అంతసేపే ఉంచండి, రాత్రంతా నానబెట్టడానికి ప్రత్యేకించి చేసినవి తప్ప. ఒక సాల్వెంట్‌ని పూర్తిగా తుడిచి ఆరబెట్టకుండా ఇంకోటి వేయకండి. అమ్మోనియా ఉన్నదాన్ని బ్లీచింగ్ ఉన్న దేనితోనూ కలపకండి, విషవాయువు పుడుతుంది.

థ్రోట్ దగ్గర మాత్రం ఒక మొండి శత్రువు ఉంటుంది, కాలిపోయి గాజులా గట్టిపడిన కార్బన్. రాగి సాల్వెంట్ దాన్ని ఏమీ చేయలేదు. కార్బన్‌కే తయారుచేసిన సాల్వెంట్‌తో నానబెట్టి, నైలాన్ బ్రష్‌తో థ్రోట్ వరకే ముందుకూ వెనక్కీ ఆడిస్తే చాలావరకు లొంగుతుంది. ఇక్కడ నైలాన్ కాబట్టి, దూరం తక్కువ కాబట్టి దిశ మార్చినా ఇరుక్కోదు. సానపెట్టే పేస్టుల గురించి ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. అవి పనిచేస్తాయి, కాదనను. కానీ అవి గీకి పనిచేస్తాయి. సంవత్సరానికి ఒకటి రెండుసార్లు, మరేదీ పనిచేయనప్పుడు, తెలిసిన చేయి ఉంటేనే. క్రౌన్ బయటికి పేస్టు ప్యాచ్‌ని తోసి లాగడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

మీరు వాడేవి పాత సైనిక నిల్వల తూటాలైతే లెక్క మారుతుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి సైనిక తూటాల్లో చాలావాటి ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది, కాలితే పొటాషియం క్లోరైడ్ అనే ఉప్పు మిగులుతుంది. అది గాలిలోని తేమని లాక్కుని రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది. నూనె దాన్ని కరిగించదు, పైన మూతలా కప్పుతుంది అంతే. దానికి మందు నీళ్లు. వేడినీళ్లతో తడిపిన ప్యాచ్‌లు పోనిచ్చి, ఆరబెట్టి, ఆపైన మామూలు పద్ధతి. కొత్తగా తయారయ్యే స్పోర్టింగ్ తూటాలకు ఈ భయం లేదు.

నూనె దగ్గరికి వద్దాం. మీరు ‘బాగా పట్టిస్తాను’ అన్నారు. బోర్‌కి కావాల్సింది కంటికి కనిపించీ కనిపించనంత పొర. నాలుగు చుక్కలు వేసిన ప్యాచ్ ఒకటి పోనిచ్చి, దాని వెనకే పొడిది ఒకటి పంపితే మిగిలేదే చాలు. రైఫిల్‌ని నెలల తరబడి తీయనప్పుడు ఇంకొంచెం ఎక్కువ ఉండొచ్చు, అప్పుడు మూతి కిందికి ఉండేలా నిలబెట్టండి. అన్నిటికంటే ముఖ్యం, కాల్చబోయే ముందు పొడి ప్యాచ్‌తో ఆ నూనెని తుడిచేయాలి. నూనె బాగా పట్టిన బోర్‌లో కాల్చడం వల్ల ముందుగా పోయేది గురి. నూనె మడుగులా నిలిచి ఉంటే అది అడ్డంకిలా పనిచేసి ఒత్తిడిని ప్రమాదకరంగా పెంచుతుంది. అలాగే బోల్ట్ పెట్టే ముందు బోర్ గుండా వెలుతురుకేసి చూడటం మరవొద్దు. లోపల ఒక ప్యాచ్ ఇరుక్కుని ఉండిపోతే, దాని వెనక తూటా పేలితే బ్యారెల్ ఉబ్బుతుంది, పగులుతుంది, మనిషికి దెబ్బ తగులుతుంది. ఇరుక్కున్న ప్యాచ్‌ని సాల్వెంట్‌తో తడిపి రాడ్‌తో వచ్చిన దారినే వెనక్కి నెట్టాలి. తూటాతో తోసేద్దామన్న ఆలోచన కలలో కూడా రాకూడదు.

తమ్ముడి .22 విషయంలో మీరు చేయాల్సింది చేయకుండా ఉండటమే. .22 లాంగ్ రైఫిల్‌లో బుల్లెట్ సీసం, దాని మీద మైనం లాంటి పూత ఉంటుంది. రాగి తొడుగు మామూలుగా ఉండదు కాబట్టి మీ రాగి సాల్వెంట్‌కి అక్కడ పనే లేదు. ఒత్తిడి, వేడి .308తో పోలిస్తే చాలా తక్కువ. ఆ బ్యారెళ్లు కాల్పులకు అరిగేది తక్కువ, రాడ్‌కి అరిగేది ఎక్కువ. .22 లాంటి రిమ్‌ఫైర్ (అంచు మీద కొడితే పేలే) తూటాల ప్రైమర్ మిశ్రమంలో సన్నటి గాజు పొడి కలపడం మామూలే. ఆ బూడిదని బ్రష్‌కి పట్టించి ముందుకూ వెనక్కీ తోమడమంటే గరుకు కాగితంతో రుద్దడానికి దగ్గర్లో ఉన్న పని. సాల్వెంట్ తడిపిన ప్యాచ్ రెండు, ఆరిన ప్యాచ్‌లు రెండు మూడు, వెనక నుంచి ముందుకి. చాంబర్ ముందు భాగంలో అడుగు వైపు గట్టిపడిన మసి కట్టిందనిపిస్తే అప్పుడప్పుడు అక్కడ మాత్రం బ్రష్. ఆ తర్వాత గ్రూపు కుదుటపడటానికి పదో ఇరవయ్యో తూటాలు పట్టొచ్చు, మైనం మళ్లీ పరుచుకోవాలి కదా.

తాడుకి బ్రష్ అల్లిన పుల్‌త్రూలు చాలామంది వాడుతున్నారు. రేంజిలో వెంటనే ఒకసారి లాగి మసి తీయడానికి మంచివే. కానీ వాటిని ఉతకాలి. మురికి తాడుని మూతి దగ్గర ఏటవాలుగా లాగితే అది కూడా క్రౌన్ అంచుని కోస్తుంది. ముడి తెగి లోపల ఉండిపోతే తీయడం మహా కష్టం.

ఇన్నాళ్లు చేసినదానికి ఇప్పటికే నష్టం జరిగిందా అన్న అనుమానం మీకు వచ్చే ఉంటుంది. రైఫిల్ ఖాళీగా ఉందని చూసుకుని, బోల్ట్ తీసి, చెవిలో పెట్టుకునే దూదిపుల్లని మూతిలో పెట్టి లోపలి నుంచి బయటికి అంచు మీదుగా అన్ని వైపులా లాగండి. ఎక్కడైనా దూది పోగు చిక్కుకుంటే అక్కడ అంచు విరిగో లేచో ఉంది. ఇంకో పరీక్ష, కాల్చాక తుడవకముందు మూతి ముఖాన్ని చూడండి. మసి గీతలు గాడులకు ఎదురుగా అన్ని వైపులా ఒకేలా నక్షత్రంలా పడితే క్రౌన్ బాగున్నట్టు, ఒక పక్కకు లాగినట్టుంటే అనుమానించాలి. పాడైనా బ్యారెల్ పోయినట్టు కాదు. పని తెలిసిన గన్‌స్మిత్ మూతి దగ్గర కొద్దిగా కోసి క్రౌన్ కొత్తగా తీర్చగలడు. అయితే ఆ ఖర్చుకి వెళ్లే ముందు స్కోప్ మౌంట్ మరలు, రైఫిల్‌ని కర్రకు బిగించే యాక్షన్ మరలు బిగువుగా ఉన్నాయో లేదో చూడండి. బ్యారెల్ మీద పడే నిందల్లో బోలెడు నిజానికి వదులైన మరవే.

పోటీ వచ్చే నెల అన్నారు కాబట్టి ఈ వారమే కొత్త పనిముట్లతో ఒకసారి రాగి పూర్తిగా వదిలించండి. తర్వాత రేంజికి వెళ్లి, మొదటి బుల్లెట్ నుంచి ఒక్కొక్కటీ ఎక్కడ పడిందో విడివిడిగా రాసుకోండి. ఎన్నో తూటా నుంచి గ్రూపులోకి వచ్చిందో తెలుస్తుంది. అక్కణ్నుంచి పోటీ దాకా మసి మాత్రమే తీయండి, రాగి జోలికి వెళ్లొద్దు. పోటీ ముందు రాత్రి బ్యారెల్‌కి ఏమీ చేయకండి. ఆ రోజు నూనెని పొడి ప్యాచ్‌తో తుడిచి, బోర్, చాంబర్ ఖాళీగా ఉన్నాయని చూసుకుని, నిబంధనలు ఒప్పుకున్నంత మేరకు సైటింగ్ షాట్లలోనే, అంటే లెక్కలోకి రాకుండా గురి చూసుకునే కాల్పుల్లోనే, ఆ మొదటి తూటాలు ఖర్చు చేసేయండి.